సర్కారు కారు, సొంత కారు

అంబాసిడర్ గొప్పదా, ఫియట్ గొప్పదా అన్న పాత వాదన ఖరగ్‌పూర్‌లో ఇంకా తెగలేదు. అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలే సంగతి మాత్రం వేరు.

ఖరగ్‌పూర్‌లో తెలుగు మాట కోసం వెతకనక్కర్లేదు. మథురకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధుల్లో శ్రీకాకుళం, విజయనగరం యాస తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. అక్కడి పెద్దవాళ్లు ఇద్దరు కూర్చుని పాత కార్ల ఊసు తెచ్చారంటే ఆ పూట గడిచిపోయినట్టే. ఒకరు అంబాసిడర్ పక్షం, మరొకరు ఫియట్ పక్షం. అంబాసిడర్‌ను దున్నపోతని ఒకరంటే, ఫియట్‌ను అగ్గిపెట్టెని మరొకరు వెక్కిరిస్తారు. రామారావా, నాగేశ్వరరావా అన్న తగువు లాంటిదే ఇది కూడా. అభిమానం ముందే తేలిపోయి ఉంటుంది, కారణాలను తర్వాత వెతుక్కుంటారు.

ఇప్పుడు ఈ అభిమానానికి ఖర్చు తోడైంది. పదిహేనేళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్‌ను పొడిగించుకోవడానికి 600 రూపాయలు ఉన్న రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేస్తూ 2025 ఆగస్టులో కేంద్రం మరో నోటిఫికేషన్ ఇచ్చింది. షెడ్డులో తాత అంబాసిడర్‌నో, నాన్న ఫియట్‌నో పెట్టుకున్న కుటుంబం ఇప్పుడొక నిర్ణయానికి రాక తప్పదు. ఉంచుకోవాలా, తుక్కుకు ఇవ్వాలా? అది తేల్చుకునే ముందు ఆ రెండు కార్లూ అసలేమిటో, వాటికి అంత పేరెలా వచ్చిందో ఒకసారి చూడటం మంచిది.

ఇద్దరూ పరదేశీలే

స్వదేశీ గర్వానికి చిహ్నాలుగా చెప్పుకునే ఈ రెండు కార్ల పుట్టిల్లు ఇండియా కాదు. అంబాసిడర్ మూలం 1956లో బ్రిటన్‌లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో పుట్టి, గుజరాత్‌లోని ఓఖా రేవులో పని ప్రారంభించి, 1948లో పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారాకు తరలివచ్చింది. అక్కడే 1957-58లో అంబాసిడర్ తయారీ మొదలైంది. ఆ ఫ్యాక్టరీ పేరు మీద హౌరా-బర్ధమాన్ లైనులో హింద్ మోటార్ అనే స్టేషనే వెలిసింది. ఖరగ్‌పూర్ నుంచి రైల్లో వెళితే అది సుమారు 130 కిలోమీటర్లు. అంటే ఈ ఊరికి అంబాసిడర్ పొరుగింటి కారే.

ఫియట్‌ది ఇటలీ. 1953లో అక్కడ వచ్చిన ఫియట్ 1100 కుటుంబంలో 1962 నాటి 1100డి మోడల్‌ను వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయిలోని కుర్లాలో 1964 నుంచి తయారు చేసింది. మొదట ఫియట్ 1100 డిలైట్, 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్, 1974లో ప్రీమియర్ పద్మిని అని పేర్లు మారుతూ వచ్చాయి. కంపెనీ ఎన్ని పేర్లు పెట్టినా జనం నోట మాత్రం చివరిదాకా అది ఫియటే.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆ రూపంలో బ్రిటన్‌లో మూడేళ్లు బతికింది. ఉత్తర్‌పారాలో 2014 దాకా, అంటే 57 ఏళ్ల పాటు నడిచింది. ఇటలీ 1966కల్లా పక్కన పెట్టిన 1100డి, కుర్లాలో ఆ శతాబ్దం ముగిసేదాకా తయారవుతూనే ఉంది. ఈ రెండు కార్లలో ఏది మంచిదన్న ప్రశ్నకంటే అవి అంతకాలం మారకుండా ఎలా ఉండగలిగాయన్నది పెద్ద ప్రశ్న. దానికి తర్వాత వద్దాం. ముందు కొలతలు.

టేపూ తక్కెడా

అంబాసిడర్ పొడవు 4,325 మిల్లీమీటర్లు, పద్మిని పొడవు 3,930. తేడా దాదాపు 40 సెంటీమీటర్లు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం అంబాసిడర్‌లో 2,464 మిల్లీమీటర్లు, పద్మినిలో 2,340. అసలు తేడా తెలిసేది వెడల్పులో. పద్మిని వెడల్పు 1,460 మిల్లీమీటర్లయితే అంబాసిడర్ దానికన్నా సుమారు 20 సెంటీమీటర్లు ఎక్కువ. రెండూ ముందువైపు కూడా బెంచీ సీటున్న కార్లే. ఆ 20 సెంటీమీటర్లే పెళ్లివారి ప్రయాణంలో ఇంకో మేనత్తను ఇరికించడానికి పనికొచ్చేవి. అంబాసిడర్‌లో ముందు ముగ్గురు, వెనుక నలుగురు, ఒళ్లో పిల్లలు అన్న లెక్క ఆంధ్రా పల్లెల్లో అందరికీ తెలిసిందే. పద్మినిలో వెనుక ముగ్గురు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి.

బరువులో పద్మిని 895 కిలోలు. అంబాసిడర్ 1,100 కిలోలు దాటుతుంది. అంటే పద్మిని ఎక్కడికి వెళ్లినా, అందులో ముగ్గురు పెద్దమనుషులను అదనంగా ఎక్కించుకున్నంత బరువు అంబాసిడర్ ఎప్పుడూ మోస్తూ ఉంటుంది. పెట్రోలు ఖర్చులోనూ అది కనిపిస్తుంది. యజమానుల అనుభవంలో పద్మిని లీటరుకు 12-14 కిలోమీటర్లు ఇస్తే, పెట్రోలు అంబాసిడర్ 9-10 ఇస్తే గొప్ప.

ఆ బరువు ఊరికే పోలేదు. అంబాసిడర్ చక్రాలు 15 అంగుళాలవి, పద్మినివి 14. అంబాసిడర్ ముందు భాగంలో టార్షన్ బార్లు ఉంటాయి. చక్రం గుంతలో పడినప్పుడు పొడవాటి ఉక్కు కడ్డీ మెలితిరిగి ఆ దెబ్బను తను తీసుకుంటుంది. పద్మిని ముందు చక్రాలకు ఉన్నవి మామూలు చుట్ట స్ప్రింగులు. వెనుక రెండింటికీ లారీ తరహా కమాన్ పట్టీలే. ఖరగ్‌పూర్ చుట్టుపక్కలది ఎర్ర కంకర నేల. వానాకాలంలో ఆ దారుల మీద, లెవెల్ క్రాసింగ్ పట్టాల మీద పెద్ద చక్రం, పొడవాటి కారు ఇచ్చే నిబ్బరం వేరు. ఊళ్లోకి వచ్చాక లెక్క తిరగబడుతుంది. గోల్‌బజార్ సందుల్లో కారు తిప్పాలంటే సన్నగా, తేలిగ్గా ఉన్న ఫియట్‌దే పైచేయి. ఒకటి ఎద్దు, ఇంకొకటి గుర్రం. ఎద్దును గుర్రప్పందెంలో ఓడిపోయిందనీ, గుర్రాన్ని నాగలి లాగలేదనీ నిందించడం వల్ల ప్రయోజనం లేదు.

ఇంజిన్ లోపల

అంబాసిడర్ తొలి రోజుల్లో 1,476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్‌తో వచ్చింది. 1959లో దాని స్థానంలోకి వచ్చిన 1,489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజినే ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా దానికి గుండెకాయ. శక్తి 50 నుంచి 55 హార్స్ పవర్. పద్మిని ఇంజిన్ 1,089 సీసీ, 40 హార్స్ పవర్. రెండూ నాలుగు సిలిండర్లవే. రెండింటికీ నాలుగు గేర్లే, గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే. పద్మిని చివరి రోజుల్లో అది కిందికి దిగింది.

పైకి చూస్తే అంబాసిడర్ శక్తి ఎక్కువ. కానీ ఆ శక్తి లాగాల్సిన బరువును కూడా లెక్కలోకి తీసుకుంటే తేడా కరిగిపోతుంది. టన్ను బరువుకు అంబాసిడర్‌కు దక్కేది 45 నుంచి 48 హార్స్ పవర్, పద్మినికి దాదాపు 45. పరుగులో రెండూ ఇంచుమించు ఒకటే అన్నమాట. ఫియట్ చురుగ్గా అనిపించడానికి కారణం దాని శక్తి కాదు, దాని స్వభావం. అంబాసిడర్ సిలిండర్ వ్యాసం 73 మిల్లీమీటర్లు, అందులో పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 88.9. ఇలాంటి పొడవాటి స్ట్రోక్ ఇంజిన్ తక్కువ వేగంలోనే బలంగా లాగుతుంది, ఎక్కువ తిప్పితే మొరాయిస్తుంది. దాని పూర్తి శక్తి నిమిషానికి 4,200 చుట్ల దగ్గరే వచ్చేస్తుంది. పద్మినిలో వ్యాసం 68, స్ట్రోక్ 75. పూర్తి శక్తి 4,800 చుట్ల దగ్గర. మూడో గేరులో నిండు కారును ఎత్తు మీదికి లాగడం అంబాసిడర్ విద్య. గేర్లు మార్చుకుంటూ ఇంజిన్‌ను పాడించడం ఫియట్ విద్య. సొంతంగా నడుపుకునేవాళ్లు ఫియట్‌ను, డ్రైవరును పెట్టుకునేవాళ్లు అంబాసిడర్‌ను మెచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు.

బ్రేకుల విషయంలో మాత్రం ఇద్దరికీ తక్కువ మార్కులే. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. వాన నీటిలో దిగి వచ్చాక రెండు మూడుసార్లు తొక్కి ఆరబెట్టుకుంటే తప్ప నమ్మడానికి లేదు. గంటకు 80 కిలోమీటర్లు దాటితే రెండు కార్లలోనూ మాటలు వినపడవు.

1980 ప్రాంతంలో అంబాసిడర్ డీజిల్ అవతారం ఎత్తింది. అదే 1,489 సీసీ, కానీ శక్తి 37 హార్స్ పవర్. ఆ బరువుకు ఆ శక్తి అంటే నత్తనడకే. అయినా టాక్సీవాలాలు కళ్లకద్దుకున్నారు. డీజిల్ చౌక, బండి మొండి. అంతకుమించి వాళ్లకు అక్కర్లేదు.

మూడో కారు వచ్చాక

ఈ పోలికంతా ఇద్దరి మధ్య ఉన్నంతసేపూ సమ ఉజ్జీగానే కనిపిస్తుంది. మూడో కారును పక్కన నిలబెడితే అసలు సంగతి బయటపడుతుంది. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ తాళం చెవులు అందించగా మారుతి 800 రోడ్డెక్కింది. మూడు సిలిండర్లు, 796 సీసీ, సుమారు 37 హార్స్ పవర్, 650 కిలోల చుట్టూ బరువు. ధర రూ. 47,500.

ఇప్పుడు లీటరు సామర్థ్యానికి ఎంత శక్తి అన్న కొలబద్ద పెట్టి చూద్దాం. అంబాసిడర్ 50 హార్స్ పవర్ లెక్కన లీటరుకు 34. పద్మిని 37. మారుతి 46. బరువుతో పోలిస్తే తేడా ఇంకా ఎక్కువ. టన్నుకు అంబాసిడర్, పద్మినిల లెక్క 45 చుట్టూ తిరుగుతుంటే మారుతి 57 దగ్గరుంది. అంబాసిడర్‌లో సగం కన్నా కొంచెమే పెద్దదైన ఇంజిన్‌తో మారుతి దాన్ని దాటిపోయింది. నిన్నటిదాకా ఏది గొప్ప అని కొట్టుకున్న రెండు కార్లూ ఒక్క రోజులో ఒకే పక్షమయ్యాయి, పాత పక్షం.

హిందుస్థాన్ మోటార్స్‌కు తెలివి రావడానికి మరో పదేళ్లు పట్టింది. 1993లో జపాన్ ఇసుజు ఇంజిన్‌తో అంబాసిడర్ 1800 వచ్చింది. 1,817 సీసీ, 75 హార్స్ పవర్, అయిదు గేర్లు. అదే పెట్టెలో అంత శక్తి పెట్టేసరికి, ఈ కారు ముందునుంచీ ఎలా ఉండగలిగేదో జనానికి తెలిసొచ్చింది. అంబాసిడర్ చరిత్రలో అన్నిటికన్నా మంచి మోడల్ అదే. కొనేవాళ్లు తగ్గిపోయాక అది రావడమే విషాదం.

ఎవరు కొన్నారు, ఎవరు ఎదురుచూశారు

అంతకాలం ఎందుకు మారలేదన్న ప్రశ్నకు జవాబు ఇంజిన్లో దొరకదు, ఢిల్లీ ఫైళ్లలో దొరుకుతుంది. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత, ఇక్కడే కార్లు తయారు చేసే ప్రణాళిక ఉన్న సంస్థలకే చోటు అని ప్రభుత్వం తేల్చింది. విడిభాగాలు తెచ్చి బిగించి అమ్ముకుంటున్న జనరల్ మోటార్స్, ఫోర్డ్ సర్దుకుని వెళ్లిపోయాయి. కార్ల బజారులో ప్రధానంగా మిగిలింది ముగ్గురు: ఉత్తర్‌పారాలో అంబాసిడర్, బొంబాయిలో ఫియట్, మద్రాసులో స్టాండర్డ్. కొత్తవాడు రావాలంటే లైసెన్సు కావాలి. ఉన్నవాడు ఎక్కువ తయారు చేయాలన్నా లైసెన్సు కావాలి. చౌక కారు గురించి ఎల్.కె.ఝా కమిటీ 1960 ప్రాంతంలోనే చెప్పినా, ఆ చిన్న కారు ఇరవై ఏళ్లకు పైగా పార్లమెంటు చర్చల్లోనే నడిచింది.

1969లో ప్రభుత్వం కార్ల ధరలకు కూడా కళ్లెం వేసింది. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ప్రీమియర్ ఆటోమొబైల్స్ పేరు మీదున్న ఆ కేసులో 1971లో తీర్పు వచ్చింది. దేశ అత్యున్నత న్యాయస్థానం ఒక్కో కారుకు ఉత్పత్తి ఖర్చెంత, లాభమెంత ఉండాలని లెక్కలు చూడాల్సి వచ్చిందంటే ఆ బజారు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. కార్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. డబ్బు కట్టి ఏళ్లతరబడి ఎదురుచూడాలి. వాడిన కారును కొత్తదాని ధరకంటే ఎక్కువకు అమ్ముకోగలిగిన రోజులవి. తయారు చేసిన ప్రతి కారూ అమ్ముడుపోతుంటే దాన్ని మెరుగుపరచాల్సిన తొందర ఏ యజమానికి ఉంటుంది? గ్రిల్లు మార్చి మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేర్లు పెట్టారు. లోపల అదే బండి.

ఈ రెండు కార్లూ ఒకదానితో ఒకటి నిజంగా పోటీపడలేదన్నది కూడా ఇక్కడే అర్థమవుతుంది. అంబాసిడర్‌కు ప్రభుత్వమే పెద్ద ఖాతాదారు. మంత్రి నుంచి కలెక్టరు దాకా, రైల్వే జోన్ కార్యాలయం నుంచి డివిజన్ దాకా తెల్ల అంబాసిడరే అధికారానికి గుర్తు. ఫియట్ అలా కాదు. డాక్టరు, లాయరు, లెక్చరరు, చిన్న కాంట్రాక్టరు కూడబెట్టి కొనుక్కున్న కారు అది. ప్రధాని పదవిలో ఉండి కూడా లాల్ బహదూర్ శాస్త్రి 1964లో సొంతానికి కొనుక్కున్నది ఫియటే. 12,000 రూపాయల కారుకు చేతిలో డబ్బు చాలక పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు తీసుకున్నారు. 1966లో ఆయన చనిపోయాక ఆ బాకీని భార్య లలితాశాస్త్రి తీర్చారు. ఢిల్లీలోని శాస్త్రి స్మారక భవనంలో ఇప్పుడా కారు ఉంది. అధికారంతో వచ్చే కారుకూ, అప్పు చేసి కొనుక్కునే కారుకూ తేడాను అంతకన్నా సూటిగా ఎవరూ చూపలేరు.

అంబాసిడర్ అధికార చిహ్నంగా ఎంతగా నాటుకుపోయిందో 2001 డిసెంబర్ 13న దేశం చూసింది. పార్లమెంటుపై దాడికి వచ్చిన ఉగ్రవాదులు ఎంచుకున్నది హోంశాఖ స్టిక్కర్ అంటించిన తెల్ల అంబాసిడర్. ఆ రూపానికి గేట్లు తెరుచుకుంటాయని వాళ్లకు తెలుసు. తర్వాత కొద్దికాలానికే ప్రధాని వాహనశ్రేణిలో అంబాసిడర్ స్థానంలోకి బీఎండబ్ల్యూ వచ్చింది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టిన ఈ ఊళ్లో ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించేది. 1900 తొలి సంవత్సరాల్లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు మొదలయ్యాక కళింగాంధ్ర నుంచి వేలాదిమంది ఇక్కడికి పనికి వచ్చారు. 1920ల చివర్లో ఆ రైల్వే కార్మికుల పోరాటాల్లోంచే వి.వి.గిరి జాతీయ నాయకుడిగా ఎదిగి, చివరికి రాష్ట్రపతి అయ్యారు. ఆ ఫిట్టర్లకూ టర్నర్లకూ సైరన్ మోగితే ఎక్కే వాహనం సైకిలే. ఆఫీసరు అంబాసిడర్ వాళ్లది కాదు, డాక్టరుగారి ఫియటూ వాళ్లది కాదు. అయితే ఆ రెండింటినీ బాగుచేసే చేతులు ఈ ఊరివే. అరిగిన భాగాన్ని లేతు మీద పెట్టి మళ్లీ తయారు చేయగల పనివాళ్లున్న ఊళ్లో సుత్తి, స్పానర్‌తో దారికొచ్చే అంబాసిడర్ ఎన్నాళ్లు బతికినా వింత లేదు. కావలసిన సామాను రైలెక్కి కోల్‌కతా మల్లిక్ బజార్‌కు వెళితే దొరికేది. బొంబాయి కారైన ఫియట్‌కు ఇక్కడ అంత సులువు లేదు. ఏ లక్షణాల పట్టికలోనూ కనిపించని తేడా ఇది. పోలికలో బహుశా అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా ఇదే.

రెండు ముగింపులు

ఫియట్ కథ ముందు ముగిసింది. కొత్త శతాబ్దం మొదలయ్యేసరికి కుర్లాలో పద్మిని తయారీ ఆగిపోయింది. నలుపు, పసుపు రంగుల్లో ముంబై వీధుల్ని ఏలిన టాక్సీగా మాత్రం మరికొంతకాలం బతికింది. అక్కడ టాక్సీలకు విధించిన ఇరవై ఏళ్ల గడువు పూర్తయి, 2003 అక్టోబర్‌లో రిజిస్టరైన ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబర్ చివర్లో రోడ్డు దిగింది.

అంబాసిడర్ ముగింపు మరింత బాధాకరం. 1980ల్లో ఏటా 24,000 దాకా కార్లు చేసిన ఫ్యాక్టరీ, 2013-14లో చేసింది రెండు వేల పైచిలుకు. ఆ 2013లోనే బీబీసీ వారి టాప్ గేర్ కార్యక్రమం దాన్ని ప్రపంచంలోకెల్లా మేటి టాక్సీగా ఎంచింది. కిరీటం పెట్టిన మరుసటి ఏడు, 2014 మే 24న, ఉత్తర్‌పారాలో పని నిలిపివేస్తున్నట్టు నోటీసు అంటించారు. రెండు వేలకు పైగా కార్మికుల బతుకులు గేటు బయట పడ్డాయి. 2017లో అంబాసిడర్ అన్న పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. ఫ్యాక్టరీ స్థలంలో 314 ఎకరాలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే టౌన్‌షిప్ కోసం చేతులు మారాయి.

అదే హుగ్లీ జిల్లాలోని సింగూర్ నుంచి 2008 అక్టోబర్‌లో టాటా నానో వెళ్లిపోయింది. అంటే ఆరేళ్ల వ్యవధిలో ఒకే జిల్లా రావలసిన కారునూ, ఉన్న కారునూ కూడా పోగొట్టుకుంది. ఒకదానికి భూమి రాజకీయం కారణమైతే, ఇంకొకదానికి పోటీ లేని సుఖం కారణం. ఉత్తర్‌పారాలో ఇప్పుడు టిటాగఢ్ సంస్థ మెట్రో రైలు బోగీలు తయారు చేస్తోంది. కార్ల ఊరు రైలు పెట్టెల ఊరయింది. రైల్వే పట్టణానికి అందులో కాస్త ఊరట ఉండవచ్చు గానీ, గేటు బయట నిలబడ్డ తరానికి లేదు.

పాతదే, కానీ పురాతనం కాదు

ఇక మిగిలినవి ఇళ్లల్లో ఉన్న కార్లు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. రక్షణ, శాంతిభద్రతల పనుల్లో ఉన్నవాటికి మాత్రమే మినహాయింపు. చిట్టచివరి అంబాసిడర్ 2014ది కాబట్టి ఈ లెక్కన సర్కారు కారుగా దాని ఆయుష్షు 2029తో సరి. కోల్‌కతాలో పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలను హైకోర్టు ఆదేశాలతో 2009 నుంచే తప్పిస్తున్నారు. పసుపు టాక్సీ కూడా ఆ గడువుకే అటూఇటూగా కనుమరుగవుతుంది. ఆ తర్వాత అంబాసిడర్ కూడా ఫియట్ లాగే కేవలం సొంత కారు.

సొంత కార్లకు 2021 జులైలో కేంద్రం ఒక దారి చూపింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండి, అసలు రూపం చెడని కారును వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. 20,000 రూపాయలు కడితే పదేళ్లు చెల్లుబాటు, ఆపై పొడిగింపునకు 5,000. రోజువారీ వాడకానికి వీల్లేదు గానీ ర్యాలీలకు, ప్రదర్శనలకు తీసుకెళ్లవచ్చు. కోల్‌కతాలో స్టేట్స్‌మన్ పత్రిక 1968 నుంచి నడుపుతున్న పాత కార్ల ర్యాలీ లాంటివి అందుకు వేదికలు.

చిక్కు ఆ యాభై దగ్గరే ఉంది. 1975 నాటి తొలితరం పద్మినికి ఆ అర్హత ఇప్పుడే వచ్చింది. 1980 నాటి అంబాసిడర్ మార్క్ 4 దానికోసం 2030 దాకా ఆగాలి. అన్నిటికన్నా మంచిదైన 1993 నాటి ఇసుజు మోడల్ 2043 దాకా. ఈలోగా అవి చట్టం దృష్టిలో పాత బండ్లే, పెరిగిన రుసుములు కడుతూ ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాల్సిన బండ్లే. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా చారిత్రక వాహనానికి పెట్టిన వయసు ముప్పై ఏళ్లు. జర్మనీ అదే ముప్పై దాటిన కార్లకు ప్రత్యేక నంబరు ప్లేటు ఇస్తోంది. బ్రిటన్‌లో నలభై దాటితే వాహన పన్ను నుంచి మినహాయింపు దొరుకుతుంది. మన దగ్గర వర్షాలకు, తుప్పుకు తట్టుకుని యాభై ఏళ్లు నిలబడమనడం ముసలాయనను పింఛను కోసం వందో ఏడు దాకా ఆగమనడం లాంటిదే.

నిబంధనలకు కారణం లేకపోలేదు. కార్బ్యురేటర్ ఇంజిన్ పొగ ఈనాటి ప్రమాణాలకు చాలా దూరం. డ్రమ్ బ్రేకుల కారు ఇప్పటి హైవే మీద తనకూ ముప్పే, ఎదుటివాళ్లకూ ముప్పే. ఖరగ్‌పూర్ మీదుగా శ్రీకాకుళం, విశాఖపట్నం వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద దాన్ని రోజూ నడపాలని ఎవరూ అడగడం లేదు. అడగాల్సింది ఒక్కటే. రోజువారీ వాడకాన్ని వదులుకుంటామని రాసిచ్చిన యజమానికి ముప్పై ఏళ్ల దగ్గరే ఆ తలుపు తెరవాలి. వయసు బట్టి కాక స్థితి బట్టి చూడాలి. ఆ సూత్రం ఖరగ్‌పూర్‌కు కొత్తదేం కాదు. ఇక్కడి వర్క్‌షాపులో బోగీని పీఓహెచ్ పేరుతో నిర్ణీత కాలానికి విప్పి, చూసి, బాగుచేసి, మళ్లీ పట్టాల మీదికి పంపుతూనే ఉన్నారు.

చివరగా ఆ పాత వాదనకు తీర్పు. పది మందిని ఎక్కించుకుని గతుకుల దారిలో వెళ్లాలన్నా, పల్లెలో బాగుచేయించుకోవాలన్నా అంబాసిడర్. ఒక్కరే నడుపుకుంటూ పెట్రోలు లెక్క చూసుకుంటూ ఊళ్లో తిరగాలంటే ఫియట్. ఇంజిన్ పనితనంలో ఫియట్‌కు ఒక మార్కు ఎక్కువ, ఓర్పులో అంబాసిడర్‌కు రెండు. ఓడిపోయింది మాత్రం ఈ రెండూ కాదు. ఏళ్లతరబడి వరుసలో నిలబడి, ఇచ్చింది పుచ్చుకుని, అదే గొప్పదని నమ్మడం అలవాటు చేసుకున్న కొనుగోలుదారు. ఆ రోజులు ఎలాంటివో పిల్లలకు చెప్పడానికి పుస్తకం కన్నా షెడ్డులోని ఆ కారే మంచి సాక్ష్యం. నడిచే స్థితిలో ఉంటే తుక్కుకు ఇవ్వకండి.